పట్నం బండి

గట్ల అరువకు అన్నా. సమాధుల తోటల అరుస్తరా ఎవరన్న? అగో, గోపయ్య పార కింద పెట్టి మన దిక్కే చూస్తున్నడు. గుంత తవ్వింది ఆయన, పూడ్చింది ఆయన. అమ్మ మీద ఆఖరి మట్టి ఆయన చేతులదే.

ఏందీ? నేను చెప్పలేదా?

చెప్పిన. నిన్న కోడి కూసే యాళ్ళకు అమ్మ పానం పోయింది. కుర్మయ్య ఎస్.టి.డి. డబ్బా ఎప్పుడు తెరుస్తడా అని దుకాణం ముంగట నిలబడ్డ. తెరవంగనే నీకే చేసిన. "అన్నా, అమ్మ పోయింది, మాపు మట్టి" అన్న. "ఎప్పుడంటావ్?" అన్నవ్. "మాపు" అన్న. మళ్ళ అడిగినవ్, మళ్ళ చెప్పిన. "సరే సరే, బయల్దేరతా" అని ఫోన్ పెట్టేసినవ్.

నిన్న మాపటికే అయిపాయె. నువ్వు ఇయ్యాల పొద్దుగాల దిగినవ్. రాత్రంత బెర్తు మీద కాళ్ళు చాపుకొని పండుకొని, పట్నంల దిగి మొఖం కడుక్కొని, ఇస్త్రీ చొక్క ఏస్కొని వచ్చినవ్. దండ గూడ బాగనే ఉన్నది. ఏయి, ఆ సిలువకు ఏయి. జర చూసుకో, పచ్చి మట్టి, తొక్కకు.

"మాపంటే రేపో మాపో అనుకున్నా" అంటున్నవా?

అబ్బ! ఎంత మంచి మాట చెప్పినవ్ అన్నా. నేను రేపు అనలేదు. మాపు అన్న. మాపంటే పొద్దుగూకే యాళ్ళ. ఈ శంషాబాద్‌ల పాలు తాగే పోరనికి గూడ ఎరుకే. చీరాలల పొద్దటి బండి ఎక్కితే మాపటికి ఈడ ఉండేటోనివి. అమ్మ మొఖం చూసేటోనివి.

ఒక్క మాట తప్పు అర్థమైతే ఏమైతదో ఇప్పుడు ఎరుకైందా? నాకు ఏడేండ్ల వయసుల్నే ఎరుకైంది. నేర్పిందెవరు? నువ్వే గదా.

చిన్నప్పటి చీరాల యాదికున్నదా?

ఇప్పుడు చీరాల ముచ్చటేందంటవా? ఇప్పుడు గాకపోతే ఇంకెప్పుడు చెప్పాలె? కూసో. ఆ బండ మీద కూసో. ఇన్నేండ్లు నువ్వు చెప్పినవ్, అందరు విని నవ్విన్రు. ఇయ్యాల నేను చెప్త. నవ్వొస్తే నవ్వు.

బాపు మన ఊరి ఉందానగర్ స్టేషన్ల గ్యాంగ్‌మన్. గప్పుడు ఈడ చిన్న లైను. బండి గునగున పోయేది, పక్కపొంటి మేకల పోరగాళ్ళు దానితోని పందెం పెట్టుకొని ఉరికేటోళ్ళు. ఆ ఎండాకాలం బాపుకు పాసు దొరికింది. చీరాలకు, మేనత్త ఇంటికి. పిల్లలకు సముద్రం చూపిస్త, తీస్కరా తమ్మీ అని అత్త కబురు మీద కబురు.

సముద్రమంటే మన హిమాయత్ సాగర్ అసొంటిదే, జర పెద్దగుంటది కావచ్చు అనుకున్న నేను. "ఛీ, దానికి అవతలి ఒడ్డే ఉండదే" అన్నవ్ నువ్వు. ఒడ్డు లేని నీళ్ళా! బండిల నాకు నిద్ర పట్టలే. ఒడ్డు లేకపోతే నీళ్ళు ఏడ ఆగుతయమ్మా అని అమ్మను సతాయించిన. "దేవుడు గీత గీసిండు బిడ్డా. నీళ్ళు ఆ గీత దాటవు" అన్నది. ఆ గీత చూడాలని నా పానం కొట్టుకున్నది అన్నా. గంతే. నాకు సముద్రమంటే ఆ గీతనే.

అత్తోళ్ళ ఇల్లు రైలు గేటు పక్కపొంటి. సముద్రమేమో దూరం, వాడరేవు కాడ. ఎడ్లబండ్లు కట్టుకొని పోవాలె. పెద్దోళ్ళు ముచ్చట్ల పడి ఇయ్యాల గాదు రేపు అనుకుంట కూసున్నరు. మనం పిల్లలం గేటు కాడ పడ్డం.

ఆ బండ్లు! అబ్బబ్బ! పెద్ద లైను, పెద్ద ఇంజన్లు. దూరంగ పొగ కనపడంగనే పట్టాలు సన్నగ పాడుతుండె. బండి వచ్చి ముంగట్నుంచి పోతుంటే నేల వణికి, కడుపుల అన్నం కదిలేది. కండ్లల్ల బొగ్గు పడ్డా మూసుకోకపోతుంటి. మూసుకుంటే ఒక డబ్బా చూడకుండ పోతదని బుగులు.

నువ్వు, నేను, అత్త కొడుకు దేవసహాయం, వాని చెల్లె జూలీ. ఆట యాదికున్నదా? సిగ్నల్ పడంగనే మొదలు. వచ్చేది ఏ బండో ముందుగాల ఎవరు చెప్తే ఆ బండి వాళ్ళది. కూత విని చెప్పాలె, పొగ చూసి చెప్పాలె. గ్రాండ్ ట్రంక్ దేవసహాయంది. మెయిల్ నీది. పాసింజర్ జూలీది. నాకు పేర్లు రాకపాయె. నాకేమో గూడ్సు. "గూడ్సులన్ని జెరూషాకే" అన్నవ్. ఉప్పు మోసినా నాదే, బొగ్గు మోసినా నాదే, బర్రెలను మోసినా నాదే. మీరు నవ్వుతుండిరి. నవ్వాలె కావచ్చు అనుకొని నేను గూడ నవ్విన.

అమ్మ మంచంల పడ్డప్పటి సంది ఆ ఆట మస్తు యాదికొచ్చింది. గూడ్సులన్ని నాకే. ఒంటికి పోయించుడు, రెంటికి ఎత్తుడు, ఈపుకు పుండ్లు పడకుండ ఒత్తిగిలబెట్టుడు. నీకేమో మెయిల్. క్రిస్మస్‌కు ఒక్క చీరె పంపుడు.

సరే, అడ్డం రాకు. చెప్పనియ్యి.

"రేపు పొద్దుగాల సముద్రానికి" అని బాపు చెప్పిండు. ఆ తెల్లారే మన వాపసు ప్రయాణం. ఆ మాపటీలి నువ్వు నా దగ్గరికి వచ్చినవ్. ఎన్నడు లేంది మస్తు ప్రేమగ వచ్చినవ్. "జెరూషా, ఎప్పుడు నీకు గూడ్సులేనా? రేపు పట్నం బండి నీకిస్త" అన్నవ్.

పట్నం బండి! మనం ఎక్కి వచ్చిన బండి! మన ఊరి దిక్కు పోయే బండి నాదే!

"పొద్దుగాల గేటు కాడ నిలబడు. పట్నం బండి రాంగనే ఉరికొచ్చి చెప్పు. నువ్వొచ్చి చెప్పినంకనే ఎడ్లబండ్లు కడతరు" అన్నవ్. నిజమేనా అన్నా అంటే "అమ్మ తోడు" అన్నవ్. అగో, ఈ అమ్మనే. ఈ మట్టి కింద ఉన్న అమ్మ తోడు.

పువ్వుల గౌను ఏస్కొని పోయి నిలబడ్డ. కాళ్ళకు చెప్పులు లేవు, సముద్రంల తడుస్తయని ఇంట్ల ఇడిచిపెట్టిన. ఒక బండొచ్చింది. గప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న, డబ్బా మీద మద్రాస్ అని చదివిన. నాది కాదు. పోనిచ్చిన. గూడ్సొచ్చింది. అది నాదే గని ఇయ్యాల నాకొద్దు అనుకున్న. పెద్దదాన్నైన గదా, పట్నం బండి దాన్ని!

ఎండెక్కింది. గేటాయన బయటికొచ్చి, "ఇంకా నుంచున్నావేంటి పాపా?" అన్నడు. పట్నం బండి కోసం తాతా అన్న. "పట్నం బండి ఇందాకే పోయిందిగా!" అన్నడు. అది మద్రాస్ బండి అన్న. "మద్రాసే కదమ్మా పట్నం" అన్నడు.

నేను ఆయనతోని కొట్లాడిన అన్నా! పట్నమంటే హైదరాబాద్, మద్రాస్ పట్నమెట్లయితది అని కాళ్ళు నేలకేసి కొట్టిన. "మీ హైదరాబాదు మీకు పట్నమేమో. ఇక్కడ పట్నమంటే చెన్నపట్నమే" అని ఆయన నవ్విండు. పట్నం ఏదో ఎరుకలేనోన్ని గేటు కాడ ఎట్ల పెట్టిన్రు అనుకున్న. అనుకున్న గని, ఆడ ఆగలే. ఇంటికి ఉరికిన.

తాళం.

వాకిట్ల ఎడ్లబండ్ల గీతలు. గడ్డిపోసలు. అమ్మ దువ్వెన మెట్టు మీద మర్చిపోయి పోయింది. "అమ్మా" అని పిలిచిన. పక్కింటామె తొంగి చూసి "ఎప్పుడో వెళ్ళారమ్మా" అన్నది.

మళ్ళ గేటు కాడికే పోయిన. ఇంకేడికి పోవాలె? మన పట్నం బండి వస్తే అందరు వాపసొస్తరు కావచ్చు అనుకున్న. చిన్న పోరి బుద్ధి. గేటాయన భార్య ఇంత చల్లన్నం పెట్టింది. తినలే. వచ్చే బండ్లన్ని వచ్చినయ్, పోయే బండ్లన్ని పోయినయ్. ఒక్కటి గూడ నాది గాదు.

నువ్వేం చేసినవో తర్వాత ఎరుకైంది. ముందటి బండిల ఉన్న అమ్మకు "చెల్లె అత్త బండిల ఉన్నది" అన్నవ్. ఎనక బండిల ఉన్న అత్తకు "చెల్లె అమ్మ దగ్గర ఉన్నది" అన్నవ్. ఎందుకు చేసినవ్? ముందటి బండిల బండాయన పక్కన ఒక్కనికే జాగ. పోయేటప్పుడు నువ్వు, వచ్చేటప్పుడు నేను అని బాపు చెప్పిండు. పోను గూడ నువ్వే, రాను గూడ నువ్వే కావాలె. ఆ మూరెడు పలక కోసం అన్నా!

నీళ్ళల్ల దిగినంక నేను లేనని ఎరుకైందట, ఒడ్డంత ఎతికి బండ్లు మళ్ళిచ్చేసరికి మాపటీలైంది. అమ్మ ఉరికొచ్చి నన్ను ఎత్తుకొని ఏడ్చింది. నిన్ను ఒక్కటి కొట్టింది. నువ్వేమన్నవ్? "పట్నం బండి వస్తే చెప్పుమన్న. బండొచ్చింది, ఇది రాలే. నాదేం తప్పు?" అన్నవ్. గేటు ముచ్చట నేను చెప్పేసరికి అందరు పకపక నవ్విన్రు. మద్రాస్ పట్నం, హైదరాబాద్ పట్నం! బాపు గూడ నవ్విండు. పిల్లల పొరపాటు అన్నరు. గంతే, అయిపాయె. కొట్టిన అమ్మ గూడ ఆఖరికి నవ్వింది.

ఆ రాత్రి అమ్మ పక్కల పండుకున్న. చీరె కుచ్చిళ్ళు సముద్రపు నీళ్ళకు తడిసి, ఆరి, గట్టిగైనయ్. చీకట్ల నాలుక పెట్టి చూసిన. ఉప్పగున్నది. అంచు పొడుగంత నాకిన.

నా సముద్రం గంతే అన్నా. ఇప్పటిదాక గంతే.

ఏందీ? పిల్లప్పటి ముచ్చట ఇంత కడుపుల పెట్టుకుంటరా అంటున్నవా? పెట్టుకోకపోదును. బాపు బతికున్నప్పుడు ప్రతి క్రిస్మస్‌కు నువ్వే చెప్పినవ్ గదా, నన్ను చూపిచ్చి, "పట్నం ఏదో ఎరుకలేని పోరి" అని. నాకు పెండ్లైన తెల్లారి మా ఆయనకు గూడ చెప్పినవ్. ఆయన పోయేదాక నన్ను కోపమొచ్చినప్పుడల్ల "ఓ పట్నం బండీ" అనే పిలిచిండు.

పోనీ, ఇంకో సముద్రం ముచ్చట చెప్త. నీ పెండ్లిది.

చీరాలల్నే గదా పెండ్లి. ఆడ బడి పంతులువై, జూలీని చేసుకొని ఆడనే ఉండిపోతివి. పెండ్లి మూడొద్దులు గిన్నెల కాడ నేనే. చుట్టాలను టెంపోల ఎక్కించి వాడరేవు తోలుతున్నవ్. నేను తడి చేతులతోని వచ్చి, "మాపటీలి మళ్ళ పోతదా అన్నా టెంపో?" అని అడిగిన. నువ్వు సూటు ఏస్కొని ఉన్నవ్. మీ హెడ్మాస్టర్ పక్కనున్నడు. "మాపటీలేంటే? సాయంత్రం అనాలి. ఇక్కడ రేపు మాపు అంటే ఎప్పటికీ కాదని అర్థం" అన్నవ్. అందరు నవ్విన్రు. టెంపో పోయింది. మాపటీలి మళ్ళ పోలే.

సముద్రం నాలుగు మైళ్ళ దూరం. గాలి కొడితే వాసన వస్తున్నది. నేను గంజి వారుస్తున్న.

అప్పుడు గూడ ఊకున్న. చీరాల ముచ్చట పిల్లల పొరపాటే అనుకున్న ఇన్నేండ్లు. మా అన్నకు గూడ పట్నమంటే హైదరాబాదే, ఆ పలక కోసం నన్ను నిలబెట్టిండు గని, ఈ రెండు పట్నాల తిరకాసు వానికేం ఎరుక పాపం అనుకున్న. నిన్ను మాఫ్ చేసిన అన్నా. నిజంగనే చేసిన. ఆదివారం ఆదివారం గుడిల ప్రభువు బల్ల ముంగట మోకరించి మరీ చేసిన.

మొన్న ఈస్టర్‌కు జూలీ వదిన వచ్చింది. ఒక్కతే వచ్చింది, నీకు పేపర్లు దిద్దే పని ఉన్నదట. అమ్మ మంచం పక్కన కూసొని ముచ్చట్లు పెట్టుకుంట, నవ్వుకుంట చెప్పింది వదిన. "చిన్నప్పుడు మీరు మా ఇంటికొచ్చినప్పుడు, మీ అన్నయ్య మొదటి రోజే గేటు దగ్గర అభాసుపాలయ్యాడు. మద్రాసు బండిని చూపించి పట్నం బండి అన్నాడు గేటాయన. మీ అన్నయ్యేమో కాదు, పట్నమంటే హైదరాబాదని పోట్లాడాడు. మేమంతా ఒకటే నవ్వు. నువ్వప్పుడు నిద్రపోతున్నావు" అన్నది.

మొదటి రోజే! నేను కొట్లాడిన కొట్లాటే నువ్వు ముందుగాల కొట్లాడినవ్. నిన్ను నవ్విన్రు. ఆ నవ్వు నీకు కాలింది. దాన్ని మోసుకొచ్చి నా నెత్తిన పెట్టినవ్. నేనేడ నిలబడతనో, దేనికోసం నిలబడతనో, ఏ బండిని పోనిస్తనో అన్ని ఎరికుండే చేసినవ్. అమ్మ తోడు అని మరీ చేసినవ్.

వదినకేం ఎరుక, పాపం. ఆమె నవ్వుతనే ఉన్నది. నేను అమ్మ దిక్కు చూసిన. అమ్మ కండ్లు తెరిచే ఉన్నది. "ఎరికుండే చేసిండా వాడు?" అన్నది. ఇగ గోడ దిక్కు తిరిగి పండుకున్నది.

తల దించుకోకు. ఇటు చూడు. అసలు ముచ్చట ఇంక ఉన్నది.

గోడ దిక్కు తిరిగిందే గని తల్లి గదా. తెల్లారి మళ్ళ నీ పేరే. ఉందానగర్ల బండి కూత ఏయంగనే కండ్లు తెరుస్తుండె. "పట్నం బండేనా అది? ఎజ్రా దిగిండా చూసి రా పో" అంటుండె. మొదట్ల నిజంగనే స్టేషన్ దాక పోయి చూసిన. దిగేటోళ్ళు దిగిపోయేదాక నిలబడ్డ. తర్వాత తర్వాత గడప దాకనే పోయి, జరసేపు నిలబడి, "రాలే అమ్మా" అంటుంటి. ఆఖరుకు నన్ను తోలుడు గూడ బంద్ చేసింది. పండుకున్న కాడనే కూత వినేది. "ఇది గూడ్సు. దీంట్ల వాడు రాడు" అనేది. "ఇది కర్నూల్ దిక్కు పోయేది" అనేది. "ఇది పట్నం బండి" అని మెడ లేపేది. మెడ నిలబడకపోయేది.

నా ఆటనే అన్నా! నా గేటే! ముసలిదాన్ని తీస్కపోయి నేను నిలబడ్డ కాడనే నిలబెట్టినవ్.

ఎన్ని ఫోన్లు చేసిన నీకు? "సెలవులివ్వగానే వస్తా" అన్నవ్. సెలవులిచ్చిన్రు. "పిల్లల ట్యూషన్లు, వచ్చే వారం" అన్నవ్. రేపన్నవ్, మాపన్నవ్. నీ భాషల మాపు. ఎప్పటికీ కాదని అర్థం.

నిన్న పొద్దుగాల అమ్మ పోయినంక గుడి అయ్యగారొచ్చిండు. "ఎజ్రా కోసం రేపటిదాక ఆగుదామా జెరూషా? మంచు పెట్టిద్దాం" అన్నడు. మంచు దొరకదా ఏంది? దొరుకుతది. విమానాలు దిగే ఊరైతదట మనది, పొలాలల్ల రాళ్ళు పాతి కొలుస్తున్నరు, మంచు దొరకదా? నేనే వద్దన్న. "మాపు అని చెప్పిన అయ్యగారూ, రావాలనుంటే వస్తడు" అన్న.

ఆ, అవును. ఎరికుండే అన్న.

సాయంత్రం అనే మాట నాకు రాదనుకున్నవా? ఆదివారం గుడిల ప్రకటనలు చదివేది నేనే అన్నా! "ఈ సాయంత్రం స్త్రీల సమాజం కూడిక" అని మైకుల చదువుత. డబ్బాల ఫోన్ పట్టుకున్నప్పుడు ఆ మాట నా నాలుక కొసకే ఉండె. "ఎప్పుడంటావ్?" అని నువ్వడిగితివి. పండ్లు బిగపట్టి మాపు అన్న. మళ్ళ అడిగితివి. ఉమ్మి మింగి మళ్ళ మాపే అన్న. "మీ భాష మర్చిపోయా" అని ఊరంత చెప్పుకుంటివి గదా, నీ మాటే నమ్మిన. నువ్వే నేర్పిన ఆట, నీకే అప్పజెప్పిన.

మట్టేసేటప్పుడు, ఈ తోటకు అవుతల బండి కూత ఏసింది. అందరు తల తిప్పి చూసిన్రు, ఎజ్రా వచ్చిండేమో అని. నేను చూడలే. నాకు ఎరుకే గదా. "గూడ్సు" అన్న. ఎవరికీ అర్థం కాలే.

ఒకటి అడుగుత, నిజం చెప్పు. ఈ మట్టిల పుట్టినోనివి, అమ్మ పాలు తాగినోనివి. మాపంటే నిజంగనే అర్థం కాలేదా? అర్థమై గూడ బెర్తు మీద పండుకొని వచ్చినవా? అర్థం కాలేదంటే ఒక తీరు, అర్థమైందంటే ఇంకో తీరు. ఏ తీరుగ చెప్పినా అమ్మ మొఖం నువ్వు చూడలే.

ఏడువు. ఇప్పుడు ఏడిస్తే నాకేం జాలి లేదు. సల్లగున్నది నాకు. నిన్నటి సంది కడుపుల సల్లగున్నది. పాపమే. ఎరుకే. అయ్యగారికి చెప్పుకోను, దేవునికి గూడ చెప్పుకోను. నీకొక్కనికే చెప్పాలనుండె, చెప్పిన.

ఏందీ? గట్టిగ చెప్పు, ఏడ్సుకుంట చెప్తే ఇనవడ్తలేదు.

నన్ను తీస్కపోతవా? చీరాలకా? సముద్రం చూపిస్తవా?

ఇన్నేండ్లకు గుర్తొచ్చిందా అన్నా నేను చూడలేదని! మంచిగనే ఉన్నది. పో, బండి టైమైతున్నది. వదినకు చెప్పు, అమ్మ చీరెలు రెండు తీసి పెట్టిన, మళ్ళొచ్చినప్పుడు తీస్కపొమ్మను.

నేనా? నేనెప్పుడొస్తనంటవా?

వస్త అన్నా. మాపు వస్త.